విదేశీ చదువుకి స్కాలర్‌షిప్: సిక్కోలు, విజయనగరం పిల్లల్లో ఎవరికి ఏది సరిపోతుంది?

ఏటా దసరా వెళ్ళాక నాకు ఫోన్లు మొదలవుతాయి. టెక్కలి నుంచో రాజాం నుంచో చీపురుపల్లి నుంచో ఎవరో ఒక తమ్ముడు "అన్నా, అన్నిట్లోకీ మంచి స్కాలర్‌షిప్ ఏదేటి?" అంటాడు. నీది ఏ కేటగిరీ, ఇన్‌కమ్ సర్టిఫికెట్‌లో ఎంత రాశారు, డిగ్రీలో ఎంత శాతం, ఎక్కడైనా ఉద్యోగం చేశావా అని నేను ఎదురు ప్రశ్నలు వేస్తే అవతల గొంతు కాస్త చప్పబడుతుంది, ఎందుకంటే పాపం అతను లండన్ గురించో బోస్టన్ గురించో మాట్లాడదామని ఫోన్ చేశాడు, నేనేమో తహసీల్దార్ ఆఫీసు గురించి మాట్లాడుతున్నాను. కాని మనవాళ్ళు ముందు దేశాన్ని ఎంచుకుని, ఆ తర్వాత దానికి తగ్గ స్కాలర్‌షిప్ కోసం వెతుక్కుంటారు, సగం మంది అక్కడే దెబ్బతింటారు. మీ దగ్గరున్న కాగితాలకి ఏది వర్తిస్తుందో ముందు చూడండి. తర్వాత ఆ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో చూడండి. ఎంత వస్తుందన్నది మూడో ప్రశ్న.

ఎస్సీ విద్యార్థులకి

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, అందరూ ఎన్‌ఓఎస్ అంటారు, మీకు మొదటి మెట్టు. ఏడాదికి 125 సీట్లు: 115 ఎస్సీలకి, 6 విముక్త, సంచార జాతుల వాళ్ళకి, 4 భూమి లేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల వాళ్ళ కోటాకి. మొత్తం మీద 30 శాతం ఆడపిల్లలకి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం రావాలి. మాస్టర్స్‌కీ పీహెచ్‌డీకీ మాత్రమే ఇస్తారు. ట్యూషన్ ఫీజు, విమానం టికెట్, వీసా ఫీజు, ఆరోగ్య బీమా ప్రభుత్వమే కడుతుంది, పైన ఖర్చులకి అమెరికాలో అయితే ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌లో అయితే 9,900 పౌండ్లు ఇస్తుంది.

ఆ చివరి నాలుగు సీట్ల సంగతి మన వైపు దాదాపు ఎవరికీ తెలీదు. పొందూరులో ఖద్దరు నేసే ఇళ్ళున్నాయి, బుడితిలో ఇత్తడి పని చేసే ఇళ్ళున్నాయి, బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళలో ఇంజినీరింగ్ చదివిన పిల్లలు "మాది బీసీ కదా, ఎన్‌ఓఎస్ మాకెందుకొస్తుంది" అని ఆ పేజీ తెరిచి కూడా చూడరు. దేశం మొత్తానికి నాలుగే సీట్లు, ఆశ పెట్టుకుని కూర్చోమని చెప్పను, కాని అర్హత ఉందో లేదో మార్గదర్శకాలు చదివి చూడ్డానికి అరగంట కూడా పట్టదు.

ఎన్‌ఓఎస్‌లో అసలు మెలిక అడ్మిషన్ దగ్గర ఉంది. ప్రపంచ యూనివర్సిటీలకిచ్చే క్యూఎస్ ర్యాంకింగ్‌లో మొదటి 500 లోపు ఉన్న యూనివర్సిటీ నుంచి షరతుల్లేని ఆఫర్ లెటర్ చేతిలో ఉండాలి, ఎంపికలో ఆ యూనివర్సిటీ ర్యాంకు కూడా లెక్కలోకి వస్తుంది. అంటే ఏదో ఒకటి దొరికితే చాలని 480వ ర్యాంకులో ఉన్నదానికి అప్లై చేస్తే అర్హత ఉంటుంది గాని జాబితాలో వెనకపడతారు. వైజాగ్‌లో కన్సల్టెన్సీల వాళ్ళు ఇది చెప్పరు. వాళ్ళకి ఏ యూనివర్సిటీతో ఒప్పందం ఉంటే అదే గొప్పదంటారు.

ఇంకో సంగతి. 2025 జూలైలో 106 మందిని ఎంపిక చేసి మొదట 40 మందికే లెటర్లు ఇచ్చారు, మిగతా 66 మందికి నిధులు ఉన్నదాన్ని బట్టి ఇస్తామన్నారు. సెప్టెంబరులో క్లాసులు మొదలయ్యే పిల్లాడికి జూలైలో ఆ మాట వింటే ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకే ఎన్‌ఓఎస్‌కి పెట్టేవాళ్ళు యూనివర్సిటీని ముందే అడిగి ఉంచుకోవాలి, అవసరమైతే అడ్మిషన్‌ని వచ్చే ఏడాదికి మార్చుకోవచ్చా అని. చాలా చోట్ల ఒప్పుకుంటారు, కాని అడిగినవాళ్ళకే.

ఇక డబ్బు సరిపోతుందా అంటే, ఊరిని బట్టి. 9,900 పౌండ్లని పన్నెండుతో భాగిస్తే నెలకి 825. లండన్‌లో ఒక గది అద్దెకే అందులో పెద్ద ముక్క పోతుంది. అదే డబ్బుతో లీడ్స్‌లోనో షెఫీల్డ్‌లోనో గ్లాస్గోలోనో ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు తీసుకుని వండుకు తింటే గడిచిపోతుంది, పైగా ఆ మూడూ ర్యాంకింగ్‌లో బాగానే ఉన్నాయి. అమెరికాలో కూడా అంతే, న్యూయార్క్ కన్నా చిన్న ఊళ్ళో ఉన్న పర్డ్యూ యూనివర్సిటీ లాంటి చోట ఆ 15,400 డాలర్లకి విలువ ఎక్కువ.

ఎస్టీ విద్యార్థులకి

గిరిజన వ్యవహారాల శాఖది వేరే ఎన్‌ఓఎస్. పేరు ఒకటే కావడంతో పిల్లలు ఒక పోర్టల్లో పెట్టాల్సింది ఇంకో పోర్టల్లో పెట్టేస్తుంటారు, చూసుకోండి. ఏడాదికి 20 మాత్రమే: 17 ఎస్టీలకి, 3 ఆదిమ గిరిజన తెగలకి, అంటే పీవీటీజీలకి. ఆదాయం 6 లక్షల లోపు ఉండాలి. మాస్టర్స్, పీహెచ్‌డీతో పాటు పోస్ట్ డాక్టరేట్ కూడా ఇందులో ఉంటుంది.

ఇక్కడ మన కొండల వాళ్ళకి ఒక తేడా ఉంది. సీతంపేట, భామిని, కురుపాం వైపు జాతాపు పిల్లలు, సవర పిల్లలు ఒకే ఆశ్రమ పాఠశాలలో ఒకే బెంచీ మీద చదువుకుంటారు, కాని కొండ సవరలు పీవీటీజీ జాబితాలో ఉన్నారు, జాతాపులు లేరు. విజయనగరం వైపు గదబల్లో బోడో గదబ, గుటోబ్ గదబ ఆ జాబితాలో ఉన్నారు. సర్టిఫికెట్ మీద ఉత్త "సవర" అనో "గదబ" అనో రాసి ఊరుకుంటే ఆ మూడు సీట్లలో మీకు రావాల్సిన అవకాశం గురించి గట్టిగా అడగడానికి ఆధారం ఉండదు. అప్లై చేసే ముందే గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి వెళ్ళి, పేరు ఎలా రాయాలో కనుక్కుని, అలాగే రాయించుకోండి. 2022లో జిల్లాలు విడిపోయాక సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది, పాత సర్టిఫికెట్లలో శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. అది తప్పు కాదు గాని, అన్ని కాగితాల్లో ఒకేలా ఉంటే ఢిల్లీలో కూర్చుని చూసేవాడికి అనుమానం రాదు.

ఇరవై సీట్లంటే చాలా తక్కువ. అందుకే ఎస్టీ పిల్లలెవరినీ దీన్నొక్కదాన్నే నమ్ముకోమని చెప్పను, కింద రాసిన ఓపెన్ స్కాలర్‌షిప్‌లకి కూడా తప్పకుండా పెట్టండి.

రాష్ట్ర ప్రభుత్వం పథకం

దీనికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, నిబంధనలు కూడా మారుతాయి. ఒకప్పుడు ఇంతని కట్టిన మొత్తం, పది పదిహేను లక్షలు ఇచ్చేవారు. 2022లో విదేశీ విద్యా దీవెన అని పెట్టి, మొదటి వంద ర్యాంకుల్లో సీటు వస్తే ఫీజు మొత్తం అన్నారు, ఆ తర్వాత సబ్జెక్టు వారీగా మొదటి 50 ర్యాంకులకి కుదించి ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి కోటి పాతిక లక్షల వరకు అన్నారు. 2024లో దాని పేరు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి అయింది. మొత్తం చూస్తే మిగతావన్నీ దీని ముందు చిన్నవే.

కాని ఆ విద్యా దీవెనలో డబ్బు విడతలుగా ఇచ్చేలా పెట్టారు: అక్కడ దిగిన కాగితం చూపించాక ఒకటి, మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక ఇంకొకటి, అలాగ. అంటే అడ్మిషన్ డిపాజిట్, వీసాకి చూపించాల్సిన బ్యాంకు బ్యాలెన్స్, టికెట్, మొదటి నెలల అద్దె మీరే తెచ్చుకోవాలి. పలాసలో జీడి బట్టీలో పని చేసే ఇంటికి కోటి రూపాయల కాగితం కన్నా మొదటి మూడు లక్షలు ఎవరిస్తారన్నదే పెద్ద ప్రశ్న. ఈ పథకాన్ని అదనపు ఆశగా పెట్టుకోండి, ఆధారంగా వద్దు. జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసుకో బీసీ సంక్షేమ శాఖకో వెళ్ళి ఈ ఏడాది నోటిఫికేషన్ పడిందా అని అడగండి, వాట్సాప్‌లో తిరిగే పాత జీవోల ఫొటోలు నమ్మకండి.

(హైదరాబాద్‌లో చదివాం కదా, తెలంగాణ వాళ్ళ ఇరవై లక్షల పథకం మాకొస్తుందా అని అడిగేవాళ్ళకి: రాదు, అది అక్కడి స్థానికులకి.)

బీసీలకి

మన రెండు జిల్లాల్లో ఎక్కువ మంది వీళ్ళే, కాళింగులు, తూర్పు కాపులు, వెలమలు, యాదవులు, తీరం పొడుగునా మత్స్యకారులు. వీళ్ళకే కేంద్రం నుంచి తక్కువ. ఎన్‌ఓఎస్‌లో ఓబీసీలకని విడిగా కోటా లేదు. నేనూ బీసీనే, ఉద్దానంలో కొబ్బరి తోటల ఇంటివాడిని, ఈ సంగతి తెలుసుకోడానికి నాకు ఒక ఏడాది పట్టింది, ఎందుకంటే ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "బీసీలకీ వస్తాది" అని చెప్పి ఫైలు కట్టి, డబ్బులు తీసుకుని, నాలుగు నెలల తర్వాత చేతులెత్తేశారు.

ఓబీసీలకి కేంద్రం ఇచ్చేది లోన్ మీద వడ్డీ రాయితీ. అంబేద్కర్ పేరు మీదే ఉంది ఆ పథకం కూడా, ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, విదేశాల్లో మాస్టర్స్‌కో పీహెచ్‌డీకో బ్యాంకు లోన్ తీసుకుంటే, చదువుతున్న కాలంలో పడే వడ్డీ ప్రభుత్వం కడుతుంది, 20 లక్షల లోన్ వరకు. అసలు మాత్రం మీరే కట్టుకోవాలి. మైనారిటీలకి పఢో పరదేశ్ అని ఇలాంటిదే ఉండేది, 2022-23 నుంచి ఆపేశారు, ఇంకా ఉందనుకుని తిరగకండి.

లోన్ అనగానే హామీ అడుగుతారు. ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి చూపించాలి, ప్రభుత్వం పంచిన డి-పట్టా భూమిని బ్యాంకులు సాధారణంగా తీసుకోవు, ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదిలీని ఆపే 1/70 చట్టం కిందున్న భూమి సంగతి సరే సరి. కాబట్టి "మనకి రెండెకరాలుంది కదా" అనే ధైర్యంతో అడ్మిషన్ ఫీజు కట్టేయకండి, ముందు పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని బ్యాంకు మేనేజర్ దగ్గరకి వెళ్ళండి.

అందుకే బీసీ పిల్లలకి నా సలహా ఒకటే, ఓపెన్ స్కాలర్‌షిప్‌ల మీద పడండి.

కులం, ఆదాయం అడగని స్కాలర్‌షిప్‌లు

వీటిలో మనకి అన్నిటికన్నా పనికొచ్చేది ఎరాస్మస్ ముండస్ అని నా నమ్మకం. యూరప్‌లో రెండు మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే మాస్టర్స్ కోర్సులవి. ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు, అంటే మొత్తం 33,600 యూరోలు. ఉద్యోగ అనుభవం తప్పనిసరి అని ఎక్కువ కోర్సుల్లో ఉండదు, ఫైనల్ ఇయర్లో ఉండగానే పెట్టుకోవచ్చు, వయసు పరిమితి లేదు. ఇబ్బందల్లా ప్రయాణం, వీసా, దేశం మారినప్పుడల్లా కొత్త అద్దె, అన్నీ ఆ 1,400లోంచే. మొదటి టికెట్‌కి మా నాన్న చీటీ పాడాల్సొచ్చింది. నాకు మూడోసారికి గాని రాలేదు, రెండుసార్లు రిజర్వ్ లిస్టులో ఆగిపోయాను. ప్రతి కోర్సు ఎంపిక దానిదే, ఒకచోట రానివాడికి ఇంకోచోట వస్తుంది, కాబట్టి ఒక్కదానికి పెట్టి ఊరుకోకండి. అక్టోబరు నుంచి జనవరి మధ్య గడువులు పడతాయి.

బ్రిటనే కావాలంటే రెండున్నాయి, వాటి మధ్య తేడా చాలామందికి తెలీదు. చీవెనింగ్‌కి రెండేళ్ళ పని అనుభవం కావాలి, గంటల్లో చెప్పాలంటే 2,800, జీతం లేని స్వచ్ఛంద పని కూడా లెక్కలోకొస్తుంది. ఏడాది మాస్టర్స్, మొత్తం ఖర్చు వాళ్ళదే, చదువయ్యాక రెండేళ్ళు మన దేశంలో ఉండాలి. వాళ్ళు చూసేది నాయకత్వం, పరిచయాలు, రేపు ఏం చేస్తావు అని. మార్కుల కన్నా మాట ముఖ్యం అక్కడ. కామన్‌వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్ అలా కాదు, సొంత డబ్బుతో బ్రిటన్‌లో చదవలేని వాళ్ళకే ఉద్దేశించింది, మంచి మార్కులుండి ఉద్యోగం లేని మన డిగ్రీ పిల్లలకి ఇది నప్పుతుంది. యూనివర్సిటీకీ కామన్‌వెల్త్ కమిషన్‌కీ రెండు చోట్లా పెట్టాలి, ఒకచోట పెట్టి రెండోది మర్చిపోయినవాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు.

అమెరికాకి ఫుల్‌బ్రైట్ నెహ్రూ ఉంది. మూడేళ్ళ పూర్తి కాలపు ఉద్యోగం, 55 శాతం మార్కులు అడుగుతారు, మూడేళ్ళ బీఎస్సీ, బీఏ వాళ్ళకి పీజీ కూడా ఉండాలి. అదొచ్చాక తిరిగి వచ్చేసి రెండేళ్ళు ఇక్కడుండాలి, అక్కడే స్థిరపడదామనుకునేవాళ్ళు దీని జోలికి వెళ్ళకండి.

ఈ వెనక్కి రావాలన్న షరతు చూసి భయపడేవాళ్ళుంటారు. 1913లో అంబేద్కర్ కొలంబియా వెళ్ళింది కూడా ఇలాంటి ఒప్పందంతోనే, బరోడా మహారాజు నెలకి పదకొండున్నర పౌండ్లు మూడేళ్ళపాటు ఇచ్చి, తిరిగొచ్చాక సంస్థానంలో పనిచేయాలన్నారు. గడువు తీరిపోయి 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి రావాల్సొచ్చింది కూడా. షరతు ఉందంటే దాన్ని వయసుతో, ఇంటి అవసరంతో లెక్కేసుకోండి. మీ మీద అప్పు లేకుండా రెండేళ్ళు ఇక్కడుండటం, ముప్పై లక్షల అప్పుతో అక్కడుండటం, ఈ రెండిట్లో నేనైతే మొదటిదే.

జర్మనీ గురించి అందరూ "అక్కడ ఫ్రీ" అంటారు. ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేనిమాట నిజమే, కాని బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి మనలాంటివాళ్ళ దగ్గర వసూలు చేస్తోంది. అన్నిటికన్నా ముందు వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకి ఇంతని మాత్రమే తీయగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, మన చదువు కాగితాలు సరైనవని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలు. ఆ డబ్బు లేనివాళ్ళకి జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ వాళ్ళ ఎపోస్ స్కాలర్‌షిప్ ఉంది, రెండేళ్ళ ఉద్యోగం కావాలి, చివరి డిగ్రీ ఆరేళ్ళకన్నా పాతది కాకూడదు. నీటి వనరులు, ప్రజారోగ్యం, వ్యవసాయం, ప్లానింగ్ లాంటి కోర్సులకిది. మన ఉద్దానం కిడ్నీ జబ్బుల ఊళ్ళలో పనిచేసిన నర్సులకీ ఫీల్డ్ సిబ్బందికీ ఇలాంటి కోర్సుల్లో రాయడానికి బోలెడంత ఉంటుంది, వాళ్ళకి ఆ సంగతే తెలీదు.

టాటా వాళ్ళ జేఎన్ టాటా ఎండోమెంట్‌ని కూడా స్కాలర్‌షిప్ అనే అంటారు, 1892 నుంచి ఉంది, మాజీ రాష్ట్రపతి కేఆర్ నారాయణన్ గారు లండన్‌లో చదివింది ఆ సాయంతోనే. కాని అది తిరిగి కట్టాల్సిన లోన్ స్కాలర్‌షిప్, మిగతావాటికి తోడుగా పెట్టుకోవచ్చు.

ఇంటర్ అయ్యాకే వెళ్తామనేవాళ్ళకి పైవాటిలో దాదాపు ఏదీ పనికిరాదు. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్, హంగరీ ఇచ్చే స్టైపెండియం హంగరికం చూడండి, రెండోదాంట్లో నెలకిచ్చే డబ్బు చాలా తక్కువ, ఇంటి నుంచి ఇంకొంత పంపాలి.

కాగితాల దగ్గర జాగ్రత్త

పేరు. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ముందుదీ వెనకదీ తారుమారవుతుంది. నా విషయంలో అదే జరిగి, ఆఫర్ వచ్చాక అఫిడవిట్ కోసం కోర్టు చుట్టూ తిరిగాను. పాస్‌పోర్ట్ తీసేటప్పుడే టెన్త్ మెమో పక్కన పెట్టుకోండి.

ఇన్‌కమ్ సర్టిఫికెట్. గ్రామ సచివాలయంలో అప్లై చేస్తే తహసీల్దార్ సంతకంతో వస్తుంది, రైస్ కార్డు ఉంది కదా అని ఊరుకోకండి, ఢిల్లీ వాళ్ళకి రైస్ కార్డు అంటే ఏంటో తెలీదు. ఇంట్లో ఎవరైనా ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లు వేస్తుంటే అందులో అంకె, సర్టిఫికెట్‌లో అంకె పొంతన కుదరాలి.

రికమండేషన్ లెటర్లు. "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అనే లెక్చరర్ మనందరికీ ఉన్నాడు. ఆయన తప్పు కూడా కాదు, అలవాటు లేదు. కాని ఈ పోర్టల్లు నేరుగా ఆయన మెయిల్‌కే లింకు పంపుతాయి, కాలేజీ పేరున్న మెయిల్ ఉంటేనే నమ్ముతాయి, మన లెక్చరర్లలో చాలామందికి జీమెయిలే. నెల ముందే వెళ్ళి కాలేజీ మెయిల్ తెరిపించండి, మీరు చేసిన ప్రాజెక్టు గురించి ఒక పేజీ రాసిచ్చి గుర్తుచేయండి, గడువుకి వారం ముందు మళ్ళీ వెళ్ళి, అవసరమైతే పక్కన కూర్చుని సబ్మిట్ చేయించండి. సిగ్గుపడకండి.

ఎస్ఓపీ, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం. కన్సల్టెన్సీ ఇచ్చే నమూనాలో చిన్నప్పట్నుంచీ కంప్యూటర్లంటే ఇష్టం అని మొదలవుతుంది, పదిమందిదీ అదే. తెలుగు మీడియంలో చదివానని, ఇంట్లో మొదటి డిగ్రీ నాదేనని రాయండి, కాని ఒక పేరాలో ముగించండి, మిగతాదంతా మీరు చేసిన పని, ఇప్పుడు ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు, ఎందుకు ఆ కోర్సే అన్నదే ఉండాలి.

ఫీజుల లెక్క కూడా వేసుకోండి. ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కే 18,000 దాకా అవుతుంది, అమెరికా యూనివర్సిటీలు ఒక్కోటీ డెబ్భై, వంద డాలర్లు అడుగుతాయి, ఇంటి పరిస్థితి రాసి మినహాయింపు అడిగితే కొన్ని ఒప్పుకుంటాయి. బ్రిటన్‌లో చాలావాటికి అప్లికేషన్ ఫీజు లేదు. చేతిలో నలభై వేలే ఉంటే నేను ఒకసారి ఐఈఎల్‌టీఎస్ రాసి, ఎరాస్మస్ కోర్సులు రెండు, కామన్‌వెల్త్ షేర్డ్ ఒకటి పెడతాను, ఎస్సీ, ఎస్టీ అయితే ఎన్‌ఓఎస్ కోసం ఫీజు లేని బ్రిటన్ యూనివర్సిటీలు రెండు కలుపుతాను. ఉద్యోగం చేస్తున్నవాళ్ళైతే ఆగస్టులో చీవెనింగ్ తెరవగానే అది కూడా. మిగిలిన డబ్బు పాస్‌పోర్ట్‌కీ, సర్టిఫికెట్ల జిరాక్సులకీ, మీ లెక్చరర్ దగ్గరకి నాలుగుసార్లు తిరిగే బస్సు ఛార్జీలకీ సరిపోతుంది.